పూసలవ్వ చేతిలో పెట్టిన రాయి

గూడెం కొత్తవీధి నుంచి జీలుగుమెట్టకు పోయే అడ్డదారిలో, కాఫీ తోటలు అయిపోయి బండలు మొదలయ్యే చోట ఒక గొయ్యి ఉంది. పూసలవ్వ గొయ్యి అంటారు. పట్టపగలు పశువుల్ని తోలుకెళ్లేవాళ్లు కూడా అక్కడికి రాగానే గొంతు తగ్గించేస్తారు. చీకటి పడ్డాక అటు పోయే మనిషే లేడు... ఒకవేళ పోయినా, పోయానని చెప్పుకునే మనిషి అసలే లేడు.

పూసలవ్వ ఏ కాలం మనిషో ఎవరికీ తెలీదు. గడ్డం కింద నుంచి బొడ్డు దాకా పూసల దండలు వేసుకునేదట. తినేటప్పుడూ తీసేది కాదు, పడుకునేటప్పుడూ తీసేది కాదు. ఆమె కన్నుమూసిన రోజునే కోడళ్లు ఆ దండలు నాకంటే నాకని చెరోవైపు పట్టి లాగారట. దారాలు పుటుక్కున తెగాయి. పూసలన్నీ జలజలా రాలి, వాలు మీద దొర్లి, మట్టిలో కలిసి రాళ్లయిపోయాయి. ఎర్రవి, పచ్చవి, పిల్లికన్నులా మధ్యలో గీత ఉన్నవి — షావుకార్లు జీపులేసుకొచ్చి ఎగబడి కొనుక్కుపోయే రంగురాళ్లన్నీ అవేనట. రాత్రయితే పూసలవ్వ వస్తుంది. వంగి, నేలంతా తడుముతూ, తన పూసలు తను ఏరుకుంటుంది...

అందుకే అక్కడ ఒక కట్టుబాటు. చేతిలోంచి ఏది జారినా అక్కడే వదిలేసి పోవాలి. వంగకూడదు. అక్కడ వంగేది ఆమె ఒక్కతే.

ఇంత తెలిసీ యర్రయ్య ఆ రాత్రి ఆ గోతిలోనే ఉన్నాడు. పలుగుతో మట్టి పెళ్లగిస్తూ, మధ్యమధ్యలో తలెత్తి పైకి చూస్తూ, గుండె చిక్కబట్టుకుని తవ్వుతున్నాడు. నిజం చెప్పాలంటే అతని భయం పూసలవ్వ గురించి కాదు. చిలకమ్మ గురించి.

చిలకమ్మ అతని పెళ్లాం. రంగురాళ్ల పిచ్చి కొండంతా పాకిన రోజుల్లో యర్రయ్య కూడా పోడు సేద్యం వదిలేసి, కాఫీ మొక్కలు వదిలేసి, ఈ గోతిలోనే కాపురం పెట్టాడు. ఒక వానాకాలం గోతి గోడ విరిగి మీద పడింది. మెడ దాకా కూరుకుపోయాడు. చిలకమ్మ పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో మట్టి తోడి, గోళ్లు ఊడిపోతున్నా ఆగకుండా తోడి, మొగుణ్ణి బయటికి లాక్కుంది. ఇంటికొచ్చాక అతని చేత పొయ్యి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

“మళ్లీ ఆ గోతిలో దిగావంటే మా అన్న ఇంటికి ఎల్లిపోతాను. నువ్వొచ్చి కాళ్లట్టుకున్నా రాను,” అంది.

చిలకమ్మ అన్నదంటే చేస్తుంది. ఒకసారి పందెం కోసం మేకను అమ్మేసినందుకు వెళ్లిపోయి, పసుపు తవ్వకాలు అయ్యేదాకా తిరిగి రాలేదు.

మరి ఎందుకు దిగాడయ్యా అంటే — కూతురి కోసం. తెల్లారితే రమణి పెళ్లి. పెళ్లికొడుకు సుక్రుది లోయకు అవతల చీపురుగొంది. వాళ్ల వంశానికంతటికీ ఒకటే వెండి కంటె ఉంది, తాతల నాటిది. ఏ ఇంట పెళ్లయితే ఆ ఇంటికి వచ్చి కొత్త కోడలి మెడలో పడుతుంది. దానికి కింద ఒక తీగ వేలాడుతుంది. పెళ్లిలో పిల్ల తండ్రి తన ఇంటి గుర్తుగా ఆ తీగకు ఒక పూస కట్టాలి. అందరి ముందూ, తన చేత్తో. ఒకాయన పగడం కట్టాడు. ఒకాయన పాతకాలం వెండి బేడ నాణెం కట్టాడు. ముసలివాళ్లు కంటె చేతిలోకి తీసుకుంటే ఒక్కో పూస పట్టుకుని, ఇది ఫలానా వాళ్ల పిల్ల, అది ఫలానా వాళ్ల గుంట అని వరసపెట్టి చెబుతారు.

యర్రయ్య దగ్గర ఉన్నది సంతలో కొన్న గాజుపూస. అది కూడా అంచున పెచ్చు లేచింది. రేపు రమణికి మనవలు పుట్టాక కూడా దాన్ని చూపించి “గాజుపూసోళ్ల గుంట” అంటారు కదా! ఆ మాట తలుచుకుంటేనే అతనికి ముద్ద దిగడం లేదు.

అందుకని పెళ్లికి జీలుగు కల్లు తెస్తానని పెళ్లాంతో అబద్ధమాడి, సందె పడగానే పలుగు పంచెలో చుట్టుకుని వచ్చేశాడు.

తవ్వాడు. చేతులు బొబ్బలెక్కాయి. తవ్వాడు. ఇంక లాభం లేదు, గాజుపూసే గతి అనుకుని పలుగు ఆఖరిసారి వేశాడు... టక్కుమంది.

మట్టి ముద్దలోంచి చిన్న రాయి జారి అరచేతిలో పడింది. కిరసనాయిలు బుడ్డి దగ్గర పెట్టి, ఉమ్మి వేసి తుడిచాడు. ఎర్రగా, నిప్పుకణికలా మెరిసింది! ఇటు తిప్పితే ఎరుపు, అటు తిప్పితే ఎరుపు. దీపానికి ఎర్రగా ఉండి ఎండకు పచ్చగా మారే జాతి ఒకటుందని షావుకార్లు చెప్పగా విన్నాడు గానీ, ఇన్నేళ్ల తవ్వకంలో కంట చూసింది లేదు. ఇదే అయ్యుంటుంది! సంతోషం పట్టలేక ఆ ఇరుకు గోతిలోనే థింసా ఆట అడుగులేశాడు. తల పోయి రాతికి తగిలింది. నవ్వుకుంటూ తల రుద్దుకున్నాడు.

అప్పుడు వినబడింది.

పైన... గోతి ఒడ్డున... ఎవరో ఊపిరి తీస్తున్నారు.

యర్రయ్య బుడ్డి ఉఫ్‌మని ఊదేశాడు. చీకటి కమ్మేసింది. కళ్లు అలవాటు పడ్డాక మెల్లగా తలెత్తి చూశాడు. పొగమంచులో సగం ఆరిన వెన్నెల. ఆ వెన్నెలలో ఒక ఆకారం. వంగి ఉంది. మెడలో వెండి కంటె తళుక్కుమంటోంది. దాని కింద పూసలు ఊగుతున్నాయి.

రెండు చేతులతో నేల తడుముతోంది.

“ఏదీ...” అని గుసగుస. “ఇక్కడే పడిందే... ఏదీ...”

యర్రయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి మాత్రం రాయిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆకారం ఇంకొంచెం ముందుకు జరిగింది. నాలుగు మట్టిపెళ్లలు అతని నెత్తి మీద రాలాయి. ఆ వేళ్లు గోతి అంచు దాకా వచ్చేశాయి...

ఇంక తప్పదు. ఇవ్వకపోతే తనని తీసుకుపోతుంది. యర్రయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రమణి మొహం కళ్లముందు కదిలింది. అయినా చెయ్యి పైకెత్తాడు.

“తల్లీ... నీ పూస... నీకే...”

పైన తడమడం ఆగిపోయింది. ఊపిరి కూడా ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో తెలీదు. తర్వాత చల్లటి వేళ్లు అతని అరచేతిని తాకాయి. రాయిని తీసుకున్నాయి.

ఆ వెంటనే కెవ్వున ఒక కేక! పొదలు విరుచుకుంటూ ఏదో దబదబా పరుగెత్తింది. దెయ్యాలు అంత చప్పుడు చేసుకుంటూ పరుగెత్తుతాయా అనే అనుమానం రావడానికి యర్రయ్యకు తీరిక ఎక్కడిది? పలుగూ బుడ్డీ అక్కడే పారేసి, గోతిలోంచి ఎగబాకి, రెండో వైపుకు పరుగు లంకించుకున్నాడు. గెడ్డవాగు చన్నీళ్లలో మునిగి మట్టి కడుక్కుని ఇల్లు చేరేసరికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

“కల్లు ఏదీ?” అంది చిలకమ్మ.

“దొరకనేదు,” అన్నాడు యర్రయ్య, దుప్పటి నెత్తి దాకా లాక్కుంటూ.

తెల్లారింది. చీపురుగొందిలో డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్లు నడుములు పట్టుకుని వరసకట్టి థింసా ఆడుతున్నారు. యర్రయ్య మాత్రం గాజుపూసను పిడికిట్లో దాచుకుని, తప్పు చేసి పట్టుబడినవాడిలా కూర్చున్నాడు. రమణి పందిట్లోంచి తండ్రి పిడికిలి వైపే చూస్తోంది. ఆ పిల్ల చూపు ఎదుర్కోలేక అతను తల దించేసుకున్నాడు.

ఊరి పెద్ద భీముడు కంటె తెమ్మన్నాడు. పెళ్లికొడుకు సుక్రు ఎర్రబడ్డ కళ్లతో లేచి నిలబడ్డాడు. బుర్రమీసాల దిట్టమైన మనిషి.

“కంటె తెచ్చాను పెద్దయ్యా. గానీ దారిలో ఒకటి జరిగింది. సెప్పకుండా పెళ్లి సేసుకుంటే నాకు మనసొప్పదు.”

డప్పులు ఆగిపోయాయి.

“కంటె జీలుగుమెట్టలో మా సిన్నాన్న ఇంటి కాడ ఉంది కదా. మూటగట్టి తేకూడదు, మనిషి పోయినప్పుడే మూటగడతారు. ఎవులు తెత్తే ఆళ్ల మెడలోనే రావాల. సరేనని నా మెడలోనే ఏసుకుని బయలెల్లాను, ఏల మించిపోనాదని అడ్డదారి పట్టాను. పూసలవ్వ గొయ్యి కాడికి వచ్చేతలికి టార్చిలైటు మూత ఊడిపోయి సెల్లులు కిందడిపోనాయి. వంగకూడదని తెలుసు. మరి ఆ సీకట్లో ఎలా నడుత్తాను? వంగాను. ఎతుకుతున్నాను...”

యర్రయ్య తల మెల్లగా పైకి లేచింది.

“గోతిలోంచి సెయ్యి పైకొచ్చింది! మట్టి సెయ్యి! ‘తల్లీ, నీ పూస నీకే’ అంది. నన్ను... తల్లీ అంది!”

ఆడవాళ్లలో ఎవరో అతని మీసాలు చూసి కిసుక్కుమన్నారు.

“తీసుకున్నావేటి?” అన్నాడు భీముడు.

“ఒద్దంటే ఊరుకుంతాదా? తీసుకున్నాను. దాని పక్కనే...”

“ముందు రాయి సూపించు!”

సుక్రు తలగుడ్డ కొస విప్పాడు. ఎండలో రాయి లేత ఆకులా పచ్చగా మెరిసింది. అందరూ ఓహో అన్నారు. “రాత్రి ఇంట్లో దీపం కాడ ఎర్రగా ఉంది,” అన్నాడు సుక్రు. భీముడు నమ్మలేదు. రాయి పట్టుకుని చీకటింట్లో దీపం దగ్గరకు వెళ్లాడు. ఎరుపు! బయటికి పరుగెత్తాడు. పచ్చ! లోపలికి... ఎరుపు! అతని వెనకాల పెళ్లిజనమంతా లోపలికీ బయటికీ పరుగులు. గుమ్మం దగ్గర తోపులాటలో ఒక ముసలాయన పంచె ఊడిపోయింది.

“రంగు మార్చేది మనుషుల సొత్తు కాదు!” అని భీముడు రాయిని నేల మీద పడేశాడు. “బేగి పట్టుకెల్లి ఆ గోతిలోనే ఇసిరేయండి. దాని నీడ పెళ్లికూతురి మీద పడకూడదు.”

ఒకడు పట్టకారు తెచ్చి, మొహం అటు తిప్పుకుని, రాయిని పట్టుకున్నాడు. రెండడుగులు వేశాడు.

యర్రయ్య కూతుర్ని చూశాడు. పెళ్లాన్ని చూశాడు. నోరు విప్పితే చిలకమ్మ పోతుంది. విప్పకపోతే గాజుపూస ఉండిపోతుంది, రమణి ఉన్నంతకాలం, ఆ పిల్ల పిల్లలు ఉన్నంతకాలం...

“ఆగండి!” అని గావుకేక పెట్టాడు. “ఆ దెయ్యాన్ని నానే!”

పట్టకారు పట్టుకున్నవాడు గిరుక్కున వెనక్కి తిరిగాడు.

యర్రయ్య చెప్పేశాడు. పలుగు గురించి, ఒట్టు గురించి, ఎండకూ దీపానికీ రంగు మార్చే జాతి రాళ్లుంటాయన్న సంగతి, అంతా చెప్పేశాడు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో “తల్లీ!” అన్నారు సుక్రును చూసి. అంతే! పందిరి కూలిపోయేలా నవ్వులు. డప్పులవాళ్లు డప్పుల మీద పడి నవ్వారు. పట్టకారు పట్టుకున్నవాడు కింద కూలబడ్డాడు. రమణి కొంగు నోట్లో కుక్కుకుంది, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

చిలకమ్మ నవ్వలేదు. మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఒట్టేసావు.”

“ఏసాను.”

“మల్లీ గోడ కూలుంటే?”

యర్రయ్య పిడికిలి విప్పి పెచ్చులేచిన గాజుపూస చూపించాడు. “ఇది కట్టలేకపోయానే... గుంట మొహం సూడలేకపోయాను.”

చిలకమ్మ ఆ పూసను చాలాసేపు చూసింది. ఊడి మళ్లీ వంకరగా మొలిచిన గోళ్లతో దాన్ని తీసుకుని కొంగున ముడేసుకుంది.

“ముందు ఆ రాయి కట్టు. పెళ్లయ్యాక నాను మా అన్న ఇంటికి పోతాను. ఒట్టు ఒట్టే.”

యర్రయ్య సన్నటి తీగ చుట్టి రాయిని కంటెకు కట్టాడు. రమణి మెడలో అది పచ్చగా వెలిగింది. ముసలమ్మలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పట్టుకు చూశారు, “ఇది యర్రయ్య గుంట” అనుకుంటూ. ఆ మాట విన్నాక పెళ్లాం పోయినా పరవాలేదనిపించింది అతనికి. కాసేపే అనిపించింది. తర్వాత ఏడుపొచ్చింది.

భోజనాలవుతున్నాయి. చిలకమ్మ బట్టలు మూటగట్టేసింది. నవ్వులు ఇంకా ఆగలేదు. సుక్రు ఒక్కడే నవ్వడం లేదు. మెల్లగా వచ్చి మామ పక్కన కూర్చున్నాడు.

“మావా... నిజంగా నువ్వేనా?”

“నానేరా. ఎన్నిసార్లు సెప్పాల?”

“గోతిలో నువ్వొక్కడివేనా?”

“ఒక్కణ్ణే. ఏం?”

సుక్రు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు.

“నువ్వు పూస అందిత్తే నాను ముట్టుకోకుండా పారిపోబోయాను మావా. నీ పక్కన కూసున్న ముసిలమ్మే... నవ్వుతా... తీసుకోమని సైగ సేసింది.”

యర్రయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వెనక నిలబడి వింటున్న చిలకమ్మ మూటను చప్పుడు కాకుండా కింద పెట్టింది. వచ్చి మొగుడికి ఆనుకుని కూర్చుంది. వాళ్ల అన్న ఇంటికి దారి ఆ గొయ్యి పక్కనుంచే మరి.