తాళం వేసిన టేపుల గది

పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక సందులో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కంప్యూటర్ బిల్డింగ్ ఉంది. దాని వెనక గదికి మంచి పేరు లేదు. రాత్రిళ్లు లోపల ఎవరో తోపుడు బండి నడుపుతారట... తాళం మాత్రం వేసినట్టే ఉంటుందట. ఈ మాట పుట్టించింది వాచ్‌మన్ సత్తయ్య. డ్యూటీలో ఆయన మెలకువగా ఉండగా చూసినవాళ్లు లేరు కాబట్టి, ఎవరూ నమ్మలేదు.

అది టేపుల గది. కంపెనీ లెక్కలన్నీ అక్కడే, అరల నిండా. పెద్ద కంప్యూటర్ గంట కొట్టి ఫలానా టేపు కావాలంటే, ఆపరేటర్ పరంజ్యోతి అరలోంచి తీసి, బండి మీద తెచ్చి, ఆ గదిలోనే ఉన్న టేపు చదివే యంత్రం, అంటే డ్రైవులో పెట్టేవాడు. లోపలికి దుమ్ము పోకూడదని గుమ్మం బయటే తన హవాయి చెప్పులు విడిచేవాడు. చర్చిలో కూడా అంత భక్తి చూపించడని ఆయన భార్య సౌభాగ్యమ్మే అనేది. కొత్తగా చేరిన రోజుల్లో హరినాథ్ బూట్లతో లోపలికి వస్తే, మెడ పట్టి గెంటినంత పని చేశాడు. రిటైరైన ఏడాదే పరంజ్యోతి పోయాడు. హరినాథ్ మేనేజరయ్యాడు.

మొన్న ఆ టేపుల బదులు కొత్త పెట్టె వచ్చింది. బీరువా అంత ఉంటుంది. లోపల ఒక్క టేపూ లేదు, అన్నీ డిస్కులే. కానీ 'నేను టేపునే' అని పెద్ద కంప్యూటర్‌ను నమ్మిస్తుంది. సర్పంచ్ ఎన్నికల్లో నిలబెడితే మెజారిటీతో గెలిచేది.

పాత టేపుల్లోని సరుకంతా అందులోకి ఎక్కించారు. సరిగా ఎక్కిందో లేదో చూసి సంతకం పెట్టే పని కాంట్రాక్టు కుర్రాడు బీరంగూడ వంశీ మీద పడింది. పెడితే ఉద్యోగం పర్మనెంట్. తెల్లారితే లారీ వచ్చి పాత టేపులను తీసుకెళ్లి ముక్కలు చేస్తుంది. ఆ తర్వాత తప్పు తేలినా చేసేదేమీ లేదు.

"జెర జల్దీ కానీ తమ్మీ," అన్నాడు హరినాథ్. "అన్ని ఇప్పి సూసుకుంట కూసుంటే ఏడాది పడ్తది. లేబుళ్లు సూడు, ఓకే కొట్టు."

పాత డ్రైవుల కరెంటు తీగలు ఆ మధ్యాహ్నమే కోయించి, గదికి తాళమేసి, చెవి జేబులో వేసుకుని సంగారెడ్డిలో పెళ్లి విందుకు పోయాడు. హరినాథ్ విందు మానుకున్న రోజు చరిత్రలో లేదు.

ఆ రాత్రి వంశీ కొత్త పెట్టెలోకి ఒక ఫైలు రాశాడు, మళ్లీ పిలిచి చదివాడు. రాసింది రాసినట్టే వచ్చింది. లేబుళ్లన్నీ చూశాడు. ఒక్కటీ తప్పు లేదు. ఇక సంతకమే—

గంట కొట్టింది.

తెర మీద ఒకే వరుస. ఫలానా టేపు... పాత డ్రైవులో పెట్టండి.

వంశీ ఏ టేపూ అడగలేదు. రద్దు చేశాడు. పోలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ గంట.

హరినాథ్‌కు ఫోన్ కొడితే బ్యాండు చప్పుడులో, "చిన్న ఇష్యూనే తమ్మీ..." అని పెట్టేశాడు.

సత్తయ్యను లేపి వెనక గది దగ్గరికి పోయాడు. టార్చి వేశాడు. తాళం ఉంది. గుమ్మం ముందు ఖాళీ నేల.

లోపల... చక్రాలు కిర్రుమన్నాయి. దగ్గరికొచ్చి, తలుపవతల ఆగి— వెనక్కి తిరిగాయి.

"కాకా... లోపల ఎవరు?"

"అడగకు బిడ్డా," సత్తయ్య అతని చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "గంట ఇంటే ఆగడు."

వంశీ పరుగున వచ్చి చూస్తే తెర మీద వరుస మారింది. టేపు పెట్టారు. చదువుతోంది.

పేర్లు... ఫ్యాక్టరీల్లో చనిపోయిన కార్మికుల పేర్లు, పక్కనే నెలనెలా పింఛను అందుకునే భార్యల పేర్లు. సరసరా పోయి, మాయమయ్యాయి. వెతికితే జాడే లేదు.

కొత్త పెట్టెలో అదే టేపు నకలు తెరిచాడు. పైన లేబుల్ ఉంది. లోపల ఏమీ లేదు. పాత టేపు ముక్కలైతే ఆ పింఛన్లూ పోయినట్టే.

తెల్లారి లారీ వచ్చింది. హరినాథ్ కూడా వచ్చాడు, నోట్లో విందు కిళ్లీ ఇంకా ఉంది.

"నకలు ఖాళీ అంటే పాతది గూడ ఖాళీనే అయి ఉంటది," అన్నాడు వంశీ చెప్పింది విని. "లేదంటవా? మరి దేంట్ల సదివినవ్?"

తీగలు కోసిన డ్రైవులో చదివానని వంశీ ఏ నోటితో చెప్తాడు?

"సంతకం పెడ్తవా, ఇంకొకన్ని పిల్వాల్నా?"

వంశీ పెన్ను ముట్టలేదు. అంతకన్నా అతని చేతిలో ఏమీ లేదు. హరినాథ్ విసుక్కుంటూ కూలీలను వెంటబెట్టుకుని గది వైపు నడిచాడు. తాళంచెవి తీసి... ఆగిపోయాడు.

రాత్రి ఖాళీగా ఉన్న చోట ఒక జత హవాయి చెప్పులు. మడమల దగ్గర అరిగిపోయి. కొసలు గది వైపు.

తాళం వేసినట్టే ఉంది.

కూలీలు చూస్తుండగా హరినాథ్ మెల్లగా వంగాడు. తన బూట్ల లేసులు విప్పుకుని, బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"లారీని..." అన్నాడు గుసగుసగా, "వాపస్ పంపుండ్రి."

వంశీ ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ గది తాళం ఎవరూ తీయలేదు. చెప్పులు అక్కడే ఉన్నాయి... విడిచినాయన ఇంకా బయటికి రాలేదు.