డోలు మోగితే వీడియో మింగే దెయ్యం

మన్సూరాలో నైలు ఒడ్డునున్న ఆ పెళ్లి హాలుకు చెడ్డపేరు. అక్కడ తీసిన వీడియోలు సగంలోనే చచ్చిపోతాయి. పెళ్లి కాకుండా పోయిన ఓ అమ్మాయి దెయ్యమై, ఇంకొకరి సంబరం చూడలేక మింగేస్తుందట. భోజనాల జోలికి మాత్రం పోదు — వీడియోలే దాని ఆహారం.

ఇన్షిరాహ్ పెళ్లీ అక్కడే జరిగింది. వారం తిరక్కుండా వాళ్ల నాన్న గుండె ఆగి పోయాడు. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క వీడియోలోనే. అదేమో తెరుచుకోవడం లేదు.

ఆ హాలులో వీడియోలన్నీ తీసేది షుక్రీ. ఇన్షిరాహ్‌ను వెంటబెట్టుకుని, పాడైన డిస్కులు బాగుచేసే వగ్దీ కొట్టుకు వచ్చాడు. సాయంత్రమైతే నా మకాం కూడా అక్కడే.

“దెయ్యం పని అన్నా...” గుసగుసలాడాడు షుక్రీ. “దేవుడి మీద ఒట్టు, నా తప్పేం లేదు.”

“అవున్లే, నువ్వు కెమెరా పడితే దెయ్యాలకే దడ,” అన్నాడు వగ్దీ.

అతను వీడియోను ఆడించే ప్రయత్నమే చెయ్యలేదు. ఫైల్లో ఉన్న అంకెలన్నిటినీ వరసగా చుక్కలు చేసి తెర మీద పరిచాడు. పెద్ద అంకె తెల్లచుక్క, సున్నా నల్లచుక్క. బాగున్న మేర ఇసక చల్లినట్టుంది. ఆ తర్వాత — నల్లటి పట్టీ. ఇంకోటి... మళ్లీ ఇంకోటి. రెండు లావు, ఒకటి సన్నం. రెండు లావు, ఒకటి సన్నం.

ఇంత పద్ధతిగా కొరికే దెయ్యం గురించి నేనెక్కడా వినలేదు.

ఇన్షిరాహ్ తెరనే చూస్తూ బల్ల మీద వేళ్లతో కొట్టింది — ధమ్ ధమ్ టక్... ధమ్ ధమ్ టక్...

“ఇది నా ఊరేగింపు డోలు,” అంది మెల్లగా.

వగ్దీ షుక్రీ వైపు తిరిగాడు. “వీడియో రాసుకునే రికార్డరు ఎక్కడ పెట్టావురా?”

“ఎక్కడ పెడతాను? బల్లల నిండా షర్బత్ గ్లాసులేగా! ఎప్పట్లాగే పెద్ద స్పీకరు మీద...”

“రికార్డరు కడుపులో డిస్కు తిరుగుతుందిరా తండ్రీ! డోలు దెబ్బ పడ్డప్పుడల్లా అదిరిపోయి రాయడం మానేసింది.”

ఇన్నేళ్లుగా హాలును పట్టిన దెయ్యం నా ఎదురుగా కూర్చుని, నా టీయే తాగుతోందన్నమాట.

ఇన్షిరాహ్ నవ్వలేదు. “మరి మా నాన్న?”

వగ్దీ బొమ్మను కిందికి జరిపాడు. పట్టీలు... పట్టీలు... ఆ పిల్ల ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

“ఆగాయి,” అన్నాడు వగ్దీ.

చూశాను. కాస్త మేర ఉత్త ఇసక, ఒక్క మచ్చ లేదు. దాని కింద మళ్లీ పట్టీలు.

“ఇక్కడ డోలు మోగలేదు తల్లీ.” ఆ ముక్క వరకు విడదీసి తెరిచాడు.

తెర మీద ఓ పెద్దాయన డోలు వాళ్ల వైపు చెయ్యి ఊపుతున్నాడు.

“ఆపండర్రా ఆ గోల! నా బిడ్డతో ఒక్క మాట చెప్పుకోనివ్వండి.”