ఫ్లాస్కులో చేపల వాసన

శుక్రవారం పొద్దున్న కాఫీ పోద్దామని మూత తీస్తే ఫ్లాస్కులోంచి చేపల వాసన వచ్చింది. జయశీల మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ వాసన చూసింది. సందేహం లేదు. అదీ పులుసు వాసన కాదు, పచ్చి చేపల వాసన.

ఆ ఇంట్లో చేపలు కొత్త కాదు, వారానికి రెండుసార్లు వండుతారు. కానీ ఫ్లాస్కులో చేపలు పోసుకునే ఆచారం ఏ ఇంట్లోనైనా ఉన్నట్టు బి.ఏ. దాకా చదివిన జయశీల ఎక్కడా చదవలేదు.

"అత్తయ్యా, ఫ్లాస్కు మీరేమైనా తీశారా?"

కుళాయి కింద బిందె పెట్టుకుని కూచున్న అప్పలమ్మ తలెత్తింది. "నాకెందుకే ఫ్లాస్కు? నాను గళాసులో తాగుతాను. మీ ఆయన్నడుగు. నిన్న పొద్దున్న సంచిలో ఎట్టుకుని ఎలిపోనాడు."

నిన్న గురువారం. అంతకు ముందు గురువారమూ ఫ్లాస్కు కనబడలేదు. కృపాకర్ పోర్టులో టాలీ గుమాస్తా. ఓడలోంచి ఎన్ని బస్తాలు దిగాయో చూసి రాసుకునే ఉద్యోగం. అయిదున్నరకి డ్యూటీ దిగితే ఆరు కొట్టేలోపు వన్ టౌన్‌లో ఇంటి మెట్లెక్కేసేవాడు. నెల్లాళ్ళుగా గురువారాలు మాత్రం ఎనిమిది దాటుతోంది. అడిగితే "ఓడ లేటు" అంటాడు. ప్రతి గురువారం ఒకే ఓడ లేటుగా రావాలంటే ఆ ఓడకి కూడా ఈ ఇంటి మీద ఏదో పగ ఉండాలి.

మామూలు రోజుల్లో అయితే జయశీల నవ్వి ఊరుకునేది. కానీ కిందటి నెల, అంటే ఎనభై తొమ్మిది అక్టోబరులో, అతని కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి.

మొదటిసారి పచ్చబడింది రెండేళ్ళ క్రితం. బి రకం కామెర్లన్నారు. డాక్టర్ శ్రీరామ్మూర్తి రక్తంలో రెండు గుర్తులు చూస్తారు, ఎస్ ఒకటి, ఇ ఒకటి. జయశీల వాటిని తన పద్ధతిలో గుర్తుపెట్టుకుంది. ఎస్ ఉందంటే వైరస్ ఇంట్లో ఉన్నట్టు. ఇ ఉందంటే పొయ్యి వెలిగించి వంట మొదలుపెట్టినట్టు. అప్పుడు రెండూ ఉన్నాయి. ఆమెకీ, కూతురు పుష్పకీ అది అంటకుండా మూడేసి టీకా సూదులు వేయించారు. కిందటేడు రిపోర్టులో ఇ పోయింది. పొయ్యి ఆరిందని పాస్టరుగారిని పిలిచి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. నలభైమందికి సేమియా పాయసం.

ఇప్పుడు కళ్ళు మళ్ళీ పచ్చన. ఇ మాత్రం లేదట.

"పోయిన రోగం మళ్ళీ ఎలాగొస్తాది?" అంది పక్కింటి సన్యాసమ్మ, ఉల్లిపాయ అప్పుకొచ్చి. "ఇది పాతది కాదు జయా. కొత్తది తగిలింది."

"తగలడానికి అదేమైనా ఎదురుదెబ్బా?"

"పోర్టులో ఏటేటి తగలవు!" అని వంటింట్లోంచే అందుకుంది అప్పలమ్మ. "దేశదేశాల ఓడలు. దేశదేశాల మనుషులు. ఆ గేటు బయట కొంపలేటో ఊరందరికీ తెలుసు. నా కొడుకని ఎనకేసుకు రానమ్మా నాను."

కన్నతల్లే అంత మాట అనేశాక కట్టుకున్నది ఎంతకాలం ఓర్చుకోగలదు? ఆ జబ్బు ఎలా వస్తుందో డాక్టరిచ్చిన కాగితంలో నాలుగు దారులు రాసి ఉన్నాయి. సూది, రక్తం, తల్లి కడుపు, నాలుగోది మర్యాదస్తుల ఇళ్ళల్లో పైకి చదవని దారి. మొదటి మూడూ కొట్టేసుకుంటూ పోతే జయశీల వేలు నాలుగోదాని మీద ఆగింది. పైగా ఫ్లాస్కు. ఎవరో చేపలు ఇస్తున్నారు, ఈయన కాఫీయో పాలో పట్టుకెళ్తున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడాలు ఫ్లాస్కుల దాకా వచ్చాయంటే వ్యవహారం చాలా దూరం వెళ్ళినట్టే.

నిజమని తేలితే ఆపై ఆదివారమే పుష్పని తీసుకుని కూర్మన్నపాలెంలో అన్నయ్య ఇంటికి వెళ్ళిపోవాలి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోకుండానే పుష్ప బట్టలు నాలుగు విడిగా మడిచి పెట్టింది.

తరవాతి గురువారం, చర్చిలో పాటల ప్రాక్టీసని అత్తగారికి చెప్పి జయశీల అయిదింటికే బయల్దేరింది. పోర్టు గేటుకి ఎదురుగా రిక్షాలో కూచుంది. అయిదున్నరకి కృపాకర్ సైకిలు మీద బయటికొచ్చాడు. హ్యాండిలుకి సంచి, సంచిలో ఫ్లాస్కు.

"ఆ సైకిలు వెనకాల పోనీ బాబూ."

రిక్షావాడు వెనక్కి తిరిగి చూశాడు. "ఆయన మీకేటవుతారమ్మా?"

"ఇప్పటిదాకా మొగుడు."

వాడు వెంటనే సైకిలు వెనకాల పోనిచ్చాడు. కాస్త జోరుగా తొక్కాడు కూడా.

సైకిలు ఫిషింగ్ హార్బరులో చేపలకి ఐసు అమ్మే పాక ముందు ఆగింది. లోపల్నుంచి ఓ ఆడగొంతు, "ఏటి బాబూ, ఈ ఏల కూడా మెత్తగా దంచాలేటి?" అంది. "మెత్తగానే చిట్టమ్మా" అన్నాడు కృపాకర్. ఎంత చనువు! జయశీల రిక్షా దిగి రెండంగల్లో పాక ముందుకెళ్ళింది. చిట్టమ్మకి అరవై దాటి ఉంటాయి. పళ్ళు ముందు రెండు, పక్కన ఒకటి. చేతిలో ఐసు దంచే సుత్తి. వారం రోజులుగా సిద్ధం చేసుకున్న మాటల్లో సగం అక్కడే పనికిరాకుండా పోయాయి.

మిగతా సగం ఉన్నాయి కదా.

"ఏమండీ."

కృపాకర్ చేతిలో మూత కిందపడి దొర్లింది. "నువ్వా?"

"నేనే. ఇంకెవరైనా రావాలా?"

"ఇక్కడికెందుకొచ్చావు జయా?"

"ఆ ప్రశ్న నాది. ఎవరికండీ ఈ ఐసు?"

"రక్తం చల్లగా ఉండాలి. డాక్టరుగారి పెట్టెలో ఐసు పోసి మద్రాసు లాబుకి పంపాలి. డాక్టరుగారి తమ్ముడు ఎల్లాజీ ప్రతి గురువారం మద్రాసు మెయిల్లో వెళ్తాడు. మొదటిసారి ఐసు కరిగిపోయి పాడైపోయింది, అందుకే మళ్ళీ మళ్ళీ..."

"ఎవరి రక్తం?"

అక్కడ కృపాకర్ ఆగిపోయాడు. తనదైతే తనదే అనొచ్చు. కిందపడ్డ మూత తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"చెప్పలేరు కదూ," అంది జయశీల. "ఆదివారం పుష్పని తీసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నాను. సంగతి తెలిసి వెళ్ళమంటారా, తెలియకుండా వెళ్ళమంటారా?"

అతని మొహం పసుపు మీద తెల్లబడింది. "డాక్టరుగారి దగ్గరికి రా. నేను చెప్తే నమ్మవు."

"ఆ ఒక్కటీ నిజం."

మహారాణిపేటలో డాక్టరుగారి ముందు గదిలో ఆమె కూర్చోలేదు. నిలబడే అడిగింది. "పోయిన జబ్బు తిరిగొచ్చిందంటే కొత్తగా అంటుకున్నట్టే కదండీ?"

"పోలేదమ్మా. ఎస్ ఒక్కరోజు కూడా పోలేదు. పోయింది ఇ ఒక్కటే," అన్నారు శ్రీరామ్మూర్తి. "వైరస్ అంటే ఏమిటనుకున్నావు? తనని తాను కాపీ రాసుకోవడమే దాని పని. రోజుకి కోట్లమీద కోట్లు. అంత రాసేటప్పుడు తప్పులు పడవూ? చాలా తప్పులకి ఆ కాపీ చచ్చిపోతుంది. కానీ మీ ఆయన ఒంట్లో ఏదో కాపీలో ఇ తయారుచేసే చోట ఒక్క అక్షరం తప్పు పడింది. దానికిక ఇ లేదు. ఒంట్లో కాపలావాళ్ళేమో ఇ కనబడ్డచోటల్లా పట్టి చంపుతున్నారు. ఎవరు మిగిలారు?"

"ఇ లేనిది."

"అదే. ఈ రెండేళ్ళలో అదే పెరిగి పిల్లల్ని పెట్టింది. వ్యాపారం మానలేదు, బోర్డు పీకేసింది. మనం బోర్డు లేదని సంతోషించాం. నేనూ సంతోషించాను, నీ పాయసం తిన్నాను. ఈ మధ్యే విదేశీ పత్రికలో చదివి తెలుసుకున్నాను."

జయశీల మెల్లగా కుర్చీలో కూచుంది. తప్పు కాపీల సంగతి ఆమెకి కొత్త కాదు. ఏడాది కిందట పాస్టరుగారు రాసిన క్రిస్మస్ పాట, "బేత్లెహేములో వెన్నెల కాచెను" అన్నది, ఆమె నోటుపుస్తకంలో ఎక్కించుకుంటూ ఒక అక్షరమూ ఒక ఎత్వమూ మింగేసింది. ఆ పుస్తకం చూసి రాసుకున్నవాళ్ళందరూ, కూర్మన్నపాలెం చర్చితో సహా, బేత్లెహేములో వెన్న కాచారు. ఎవరూ ఆపలేదు. పైగా నెయ్యి వాసన వస్తున్నట్టు కళ్ళు మూసుకుని మరీ పాడారు.

"అయితే మీకెలా తెలుసు?" అంది. "ఎక్కడ వెన్న వినబడినా అది నా పుస్తకంలోంచి వెళ్ళిందేనని నాకు తెలుస్తుంది. ఇది ఆయన ఒంట్లో పుట్టిన తప్పే అనీ, బయట రాసుకొచ్చిన పాట కాదనీ మీకెలా తెలుస్తుంది?"

వెన్న సంగతి డాక్టరుకి విడమర్చి చెప్పాల్సి వచ్చింది. ఆయన నవ్వి, వెంటనే సర్దుకున్నారు. "గట్టి ప్రశ్నే. కోర్టులో నిలిచే రుజువు నా దగ్గర లేదు. రెండేళ్ళ క్రితం దాచిన మీ ఆయన రక్తం, ఇప్పటిది, మీ అత్తగారిది, మూడింట్లోనూ ఎస్ ఒకే రకం అని మద్రాసు నుంచి ఇవాళే ఉత్తరం వచ్చింది. ఆ రకం మన వైపు చాలామందికి ఉంటుందనుకో. కానీ తల్లి దగ్గర..."

"డాక్టరుగారూ!" అన్నాడు కృపాకర్.

ఆలస్యమైపోయింది. మూడో దారిని జయశీల అంత తేలిగ్గా ఎందుకు కొట్టేసిందో ఆమెకే తెలియలేదు. అత్తయ్య గుండ్రాయిలా ఉంటుందని కాబోలు.

"ఆవిడకేమీ బాధ లేదమ్మా," అన్నారు డాక్టరు. "నలభై ఏళ్ళుగా ఒంట్లో నిద్రపోతోంది. పుట్టేటప్పుడు ఇతనికి వచ్చింది. ఇక చూడవలసింది ఇతని లివరునే. మూడు నెలలకోసారి రావాలి. నిర్లక్ష్యం పనికిరాదు."

తిరిగొస్తూ కృపాకర్ సైకిలు నడిపించుకుంటూ పక్కన నడిచాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే ఎప్పుడో ఓసారి అత్తాకోడళ్ళ మాటల్లో జారుతుంది. తన వల్లే నాకీ జబ్బని తెలిస్తే అమ్మ తట్టుకోలేదు జయా. షుగరు పరీక్షని చెప్పి రక్తం తీయించాను." కాస్త ఆగి, "నువ్వెందుకు నన్ను అడగలేదు? వెనకాల రావడమెందుకు?" అన్నాడు.

"అడిగితే అబద్ధం చెప్తారని."

"చెప్పేవాణ్ణే," అన్నాడు కృపాకర్ నిజాయితీగా.

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పన్నెండేళ్ళు కాపరం చేసిన మనిషి మీద వారం రోజుల్లో గోరంత నమ్మకం కూడా లేకుండా తయారైపోయింది తను. "తప్పు నాది" అంది సైకిలు హ్యాండిలు కేసి చూస్తూ. అతను సీటు మీద చెయ్యి తీసి ఆమె భుజం మీద వేశాడు.

ఇంటికెళ్ళేసరికి అప్పలమ్మ పుష్పకి అన్నం పెట్టి గుమ్మంలో కూచునుంది. జయశీల దారిలోనే అబద్ధం ఒకటి అల్లుకుంది.

"అత్తయ్యా, డాక్టరుగారు చెప్పారు. పోర్టూ కాదు ఏమీ కాదు. చిన్నప్పుడెప్పుడో ఆస్పత్రిలో మురికి సూది పొడిచారట, దాన్నించట."

"ఏ సూదే?" అంది అప్పలమ్మ. "ఆడికి పదేళ్ళొచ్చేదాకా మా ఊళ్ళో సూదీ లేదు, ఆస్పత్రీ లేదు."

జయశీల రెండో అబద్ధం కోసం కృపాకర్ కేసి చూసింది.

"నాకు సదువు రాదు గానీ బుర్ర ఉంది," అంది ముసలమ్మ. "సుగరని నెత్తురు తీసేరు. నెల్లాళ్ళయింది. రోజూ రెండేసి సెంచాల పంచదారేసి నా కొడుకే టీ ఇత్తన్నాడు. సుగరైతే ఇత్తాడేటే? ఆడు కడుపులో ఉన్నప్పుడు నాకు కళ్ళు పచ్చబడ్డాయి. ఆకు పసరు మింగించేరు. ఆ కాగితం పుష్ప సేత సదివించుకున్నాను. తల్లి కడుపు అని ఉందట కదా అందులో."

"మరి మీరే కదత్తయ్యా పోర్టూ పోర్టూ అని..."

"అన్నాను." అప్పలమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. "పోర్టు కాకపోతే నానే కదే! అందుకని అన్నాను. కన్నకొడుకు మీద ఏసేసేను. ఆడి మొహం సూడలేక గట్టిగా అరిసేను."

కృపాకర్ సైకిలు వదిలేసి వచ్చి తల్లి ముందు నేల మీద కూలబడ్డాడు. ఆమె అతని గడ్డం పట్టుకుని, కనురెప్ప కిందికి లాగి పచ్చదనం చూసింది. చూస్తూనే ఏడ్చేసింది. "ఇదేటిరా నీకు నాను ఇచ్చింది?"

"ఇదొక్కటేనా అమ్మా ఇచ్చావు?" అన్నాడతను.

జయశీల కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అత్తగారి పక్కన కూచుంది. ముగ్గురికి ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఇన్నాళ్ళూ మోసిన బరువు ఆ గుమ్మంలో దింపుకున్నారు. చాలాసేపటికి అప్పలమ్మ ముక్కు చీది, కోడలి మోచెయ్యి పొడిచింది.

"ఇంకెప్పుడేనా నాకు అబద్ధం సెప్పాల్సొస్తే ముందు నన్నడిగి సెప్పండే. మీకిద్దరికీ సేతకాదు."