ఊ కొడితే చాలనుకున్నారు

తెల్లారి ఆరున్నరైనా సరస్సు మీద మంచు విడలేదు. బట్టలు మార్చుకునే గది ముందు, సిమెంటు మెట్ల మీద కూర్చుని అక్క పిక్క రుద్దుకుంటోంది.

"రాత్రి రెండుసార్లు పట్టేసిందే. ఇవాళ వద్దులే."

"వచ్చే ఆదివారమే పోటీ. ఇప్పుడా నీ వేషాలు?" అంది చెల్లెలు. మందుల షాపులో ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషే. సొంత విషయానికొస్తే మాత్రం తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఈత మాస్టారి నియమాలు రెండే. జంటగా దిగాలి. పది బారలకోసారి ఒకరు పిలిస్తే, రెండోవాళ్లు తమ పేరు చెప్పి, ఎలా ఉన్నారో కూడా చెప్పాలి. అక్కాచెల్లెళ్లకి ఇది చాదస్తంగా తోచింది. మాట్లాడితే నోట్లోకి నీళ్లు పోతున్నాయని, చిన్నప్పుడు కథలకి కొట్టినట్టు ఊ కొడితే చాలనుకున్నారు.

దిగారు. నీళ్లు చల్లగా, నాచు వాసనతో ఉన్నాయి. ఇరవై బారలకే ఒడ్డు కనబడకుండా పోయింది.

"అక్కా?"

"ఊ."

వెనక నుంచి వచ్చింది. చెల్లెలు నిశ్చింతగా ముందుకు సాగింది. మరో పది బారలు.

"అక్కా?"

"ఊ."

ఈసారి కుడిపక్క నుంచి. పిక్క నొప్పన్న మనిషి ఇంత జోరుగా ఎలా వచ్చిందో! అన్నీ వేషాలేనని చెల్లెలు నవ్వుకుంది. మరో పది.

"అక్కా?"

"ఊ."

ఎదురుగా... చాలా దగ్గరగా. కానీ ఎదుట నీళ్లు కదలడం లేదు. చేతుల చప్పుడూ లేదు.

"కాలెలా ఉంది? మాట్లాడవే!"

"ఊ."

చెల్లెలు చుట్టూ చూసింది. అక్కని బలవంతాన తెచ్చింది తనే. ఏమైనా అయితే... ఆ పాపం తనదే.

దూరంగా మాస్టారి ఈల మోగింది. వెనకే అక్క కేక. "ఒసేయ్, ఎక్కడున్నావే!"

అక్క ఒడ్డున ఉంది.

మరి ఇక్కడ...?

కాళ్లూ చేతులూ కొట్టుకోబోయి ఆగింది. భయమేస్తే వెల్లకిలా తేలమని, ఊపిరి కుదిరాకే కదలమని మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పారు. తేలింది. చెవులు నీళ్లలో మునిగాయి.

"ఊ."

వీపు కింద నుంచి...

ఏడుపు దిగమింగుకుని, మెల్లగా కాళ్లాడిస్తూ ఈల వైపు జరిగింది. ఇక ఎవరినీ పిలవలేదు.

మెట్టు తగలగానే అక్క పైకి లాగి, వీపు మీద ఒక్కటేసి, గట్టిగా కావలించుకుంది.

"చెప్పకుండా వచ్చేశావేంటక్కా?"

"చెప్పానుగా! కాలు పట్టేసింది, వెనక్కి పోదామంటే ఊ అన్నావు. చంక కింద చెయ్యేసి ఇక్కడిదాకా తెచ్చింది నువ్వేగా!"

చెల్లెలు మాస్టారి వైపు చూసింది. ఆయన ఈల నోట్లోంచి తియ్యకుండానే అవునన్నట్టు తలూపారు.

"నన్ను కూర్చోబెట్టి మళ్లీ దిగావు. ఎక్కడికే అంటే, 'చెల్లి లోపలే ఉండిపోయింది, పిల్చుకొస్తా' అన్నావు." అక్క తువ్వాలు కప్పుతూ ఆమె మొహంలోకి చూసింది. "నాకు నువ్వుగాక ఇంకో చెల్లి ఎక్కడుందే?"