జనవరికి జంట ఆకు

ఆ ఇంట్లో డబ్బాలన్నిటికీ చీటీలుంటాయి. ఉప్పుకి ఉప్పు అనీ, పంచదారకి పంచదార అనీ, ఆఖరికి తాళాలు తగిలించే మేకు కింద కూడా ‘తాళాలు’ అనీ. రక్తపరీక్షల ల్యాబులో రోజంతా గాజు గొట్టాలకి చీటీలు అంటించే కూతురు, ఇంటికొచ్చాక కూడా చేతులు ఊరుకోక అంటించినవి అవన్నీ. ఏడు నెలలుగా ఫ్రిజ్ తలుపు మీద ఇంకో పెద్ద చీటీ వేలాడుతోంది. పైన ‘అమ్మ’ అని రాసి ఉంటుంది. ఏడింటికి మాత్ర, ఏడున్నరకి టీ, ఎనిమిదింటికి వ్యాయామం, తొమ్మిదింటికి స్నానం. అమ్మ పొద్దున కళ్లు తెరిచిన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా ఏ గంటకి ఏం చెయ్యాలో అందులో ఉంది. ఆవిడకి ఏం చెయ్యాలనుందో అడిగిన నాథుడు లేడు.

ఆ అమ్మ సామాన్యురాలు కాదు. ఇరవై రెండేళ్లు ఒక పెద్ద బడికి టైంటేబులు వేసిన మనిషి. నలభై మంది టీచర్లున్న ఆ బడిలో ఒక్క రోజు కూడా ఇద్దరు టీచర్లు ఒకే తరగతిలోకి వెళ్లి మొహమొహాలు చూసుకోలేదు. తన మరదలికి పొద్దుటి పీరియడ్లు వద్దమ్మా అని సాక్షాత్తూ హెడ్మాస్టరే వచ్చి బతిమాలినా ఆవిడ కరగలేదు. బడంతా ఆవిణ్ణి టైంటేబులమ్మ అనేది, చాటున కాదు, మొహం మీదే. ఆవిడకో పట్టుదల ఉండేది. ప్రతి టీచరుకీ రోజుకో ఖాళీ పీరియడు ఉండి తీరాలి. ఖాళీ లేని టైంటేబులు ఒక్క మనిషికి జలుబు చేస్తే కూలిపోతుందని అనేది.

అలాంటి మనిషి కుడి చెయ్యీ కుడి కాలూ ఒక్క పూటలో చచ్చుబడ్డాయి. పక్షవాతం. అప్పట్లో ఆవిడ రెండు వీధుల అవతల తన మేడ మీది వాటాలో ఒక్కతే ఉండేది. కూతురు ఆస్పత్రి నుంచి నేరుగా తన ఇంటికి తెచ్చుకుంది. నాలుగు నెలల్లో కాలు దారికొచ్చింది. చెయ్యి సంగతి అడిగితే డాక్టరు పెదవి విరిచాడు. కూతురు మాత్రం తల్లిని కడుపులో పెట్టుకు చూసుకుంటోంది, కాదనడానికి వీల్లేదు. కాకపోతే కడుపులో పెట్టుకున్నవాళ్లకి ఊపిరాడుతోందో లేదో కూడా ఒకసారి చూడాలి కదా.

ఇప్పుడు ఆ వాటాని అద్దెకి ఇచ్చేస్తున్నారు. ఆదివారం ఎవరో చూసుకోవడానికి వస్తున్నారట, నచ్చితే జనవరి ఒకటికి దిగుతారట. ఈ ముక్క ఆవిడకి ఎవరూ చెప్పలేదు, కూతురు ఫోనులో మాట్లాడుతుంటే చెవిన పడింది. టైంటేబులమ్మ పైకి ఏమీ అనలేదు. ఆ ఒకటో తారీకునే తన ఇంటికి తిరిగి వెళ్లాలని మూడు నెలలుగా ఆవిడకో పథకం ఉంది. ఆ పథకమంతా ఒక పుస్తకంలో ఉంది.

పుస్తకం కుట్టింది అల్లుడు. అతను ప్రెస్సులో కాగితం కోసే మెషిను మీద పనిచేస్తాడు. మిగిలిపోయిన తెల్ల కాగితాలు ఇరవై నాలుగు తెచ్చి, అన్నిటినీ కలిపి మధ్యకి మడిచి, మడతలో దారంతో కుట్టి, అట్ట వేసి ఇచ్చాడు. లోపల గీత లేదు, తారీకు లేదు. బజార్లో మంచి మంచి డైరీలు దొరుకుతాయి కదా అత్తయ్యా అన్నాడు.

“ఎవరో గీసిన గడుల్లో నా రోజులు ఎందుకు ఇరికించుకోవాలి బాబూ?” అందావిడ.

నెలకి నాలుగాకులు. మొదటి ఆకులో నెలంతా, తక్కిన మూడింట్లో రోజులూ గంటలూ. లెక్క బాగానే కుదిరింది కానీ, గీత గియ్యాలంటే రెండు చేతులు కావాలి. ఒకటి స్కేలుని అదిమి పట్టాలి, ఒకటి పెన్సిలు నడపాలి. రెండు చేతులూ ఉన్నవాళ్లకి ఈ సంగతి తట్టదు. ఎడం చేత్తో గీతకి దిగేసరికి స్కేలు జారి ఎటో పోయేది. చల్లటి ఇస్త్రీపెట్టె తెచ్చి దాని మీద బరువు పెట్టింది. అప్పటికీ కదిలేది. జనవరి అలా పుట్టింది, ఒక గడి లావు, ఒక గడి సన్నం, ఒకటి పక్కదాని మీద ఒరిగిపోయి. కొన్నాళ్లకి ఇస్త్రీపెట్టె తీసేసి, చచ్చుబడ్డ కుడిచేతినే ఎత్తి స్కేలు మీద పడేసింది. పని చెయ్యకపోతే పోయావు, బరువుకైనా పడుండు అని దాన్ని తిట్టింది కూడా. రోజూ మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఇదే పని.

గురువారం పొద్దున టీ తాగి ఆవిడ అలమరలోంచి పుస్తకం తీసింది. తెరిచిందో లేదో, వెనక నుంచి పన్నెండాకులు జారి నేల మీద చెల్లాచెదురయ్యాయి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. ముందు తిప్పి చూస్తే జనవరి లేదు, ఫిబ్రవరి లేదు, మార్చి లేదు. పుస్తకం ఏప్రిల్‌తో మొదలవుతోంది. అలమరలో దాని పక్కనే తళతళలాడే రింగుల ఫైలు ఒకటి కూర్చుని ఉంది. అందులో కంప్యూటరు మీద ముద్రించిన పన్నెండు నెలలు. ఏడింటికి మాత్ర, ఏడున్నరకి టీ. ఫ్రిజ్ మీది చీటీయే మూడువందల అరవై అయిదు రోజులకీ. ఒక్క గడి ఖాళీ లేదు.

కూతురు ల్యాబుకి తయారై, జడ బిగించుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. చూశావా అమ్మా, నీకు శ్రమ లేకుండా అంతా నేనే నింపేశాను, వారం రోజులు ల్యాబులో భోజనం మానేసి చేశాను అంది. అబద్ధం కాదు, నిజంగానే మానేసింది.

“నా పుస్తకం ఎందుకు చింపావు?”

“చింపలేదమ్మా, బ్లేడు పెట్టి శుభ్రంగా కోశాను. ముందు పేజీలు మరీ వంకరటింకరగా ఉన్నాయి. చూస్తుంటే నాకే కడుపు తరుక్కుపోయింది. చివర్లో బాగున్నవి ముట్టుకోలేదు.”

“చివర్లో బాగున్నవి.”

“అవే, ఆయన గీసి పెట్టినవి.”

గుమ్మంలో నిలబడ్డ అల్లుడు నీళ్లు నమిలాడు. భార్యకీ అత్తగారికీ మధ్యలోకి రావడం కన్నా కాగితం కోసే మెషినులో చెయ్యి పెట్టడం మేలని అతని నమ్మకం. అయినా ఈసారి నోరు విప్పక తప్పలేదు. “నేను పుస్తకం కుట్టిచ్చానంతే. ఒక్క గీత కూడా గియ్యలేదు.”

కూతురికి అర్థం కాలేదు. మరెవరు గీశారని అడగబోయింది.

“కూర్చో,” అంది టైంటేబులమ్మ. ఇరవై రెండేళ్లు బడిని కూర్చోబెట్టిన గొంతు అది. కూతురు కూర్చుంది. పిలవకపోయినా అల్లుడూ కూర్చున్నాడు.

ఆవిడ ఒక తెల్లకాగితం బల్ల మీద పెట్టింది. స్కేలు పెట్టింది. కుడిచెయ్యి ఒళ్లోంచి లేచింది. ఎవరూ ఎత్తలేదు, ఎడం చెయ్యి సాయం పట్టలేదు, దానంతటదే వణుకుతూ లేచి స్కేలు మీద వాలింది. మూడు వేళ్లు నిదానంగా వంగి స్కేలుని అదిమి పట్టాయి. గోళ్లు తెల్లబడ్డాయి. ఎడం చేత్తో పెన్సిలు పెట్టి ఒక్క లాగు లాగింది. గీత ఈ చివర నుంచి ఆ చివరకి సూటిగా పోయింది.

“డిసెంబరు ఇలా గీశాను,” అంది.

కూతురు ఆ వేళ్లకేసే చూస్తూ ఉండిపోయింది. ఏడు నెలలుగా ఆ చేతికి తనే సబ్బు రాసింది, తనే రవిక చెయ్యి తొడిగింది. అది కదులుతోందని తనకి తెలియదు. “ఎప్పట్నుంచమ్మా? నాకెందుకు చెప్పలేదు?”

“నీ చీటీలో దానికి గడి లేదు కదే.” ఆవిడ స్కేలు వదిలేసింది. “ఆదివారం వచ్చేవాళ్లని రావద్దని చెప్పు. ఒకటో తారీకున నేను మా ఇంటికి వెళ్లిపోతున్నాను.”

కూతురు ఒంటికాలి మీద లేచింది. అసలు జరిగిందేమిటో మర్చిపోయావా అని మొదలుపెట్టి, మెట్లెలా ఎక్కుతావనీ, ఎవరు చూస్తారనీ, జనం నన్నేమనుకుంటారనీ దొరికిన ప్రతి మాటా విసిరింది. తల్లి దేనికీ ఉలకలేదు. ఆఖరికి విసరడానికేమీ మిగల్లేదేమో, గొంతు అడుగున ఏడు నెలలుగా దాచుకున్నది బయటికొచ్చింది.

“నాలుగు గంటలు బాత్రూములో నేల మీద పడున్నావు. పడబోయే ముందు నాకు రెండుసార్లు ఫోన్ చేశావు. నేను చూశాను. పనిలో ఉన్నాను, తరవాత చేద్దాంలే అనుకున్నాను. ఇప్పటికీ ఎక్కడ ఫోను మోగినా నా గుండె ఆగిపోతుందమ్మా.”

టైంటేబులమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ వెన్ను వంచలేదు.

“నువ్వు ఫోన్ ఎత్తకపోవడం తప్పు కాదు. పని చేసుకునేవాళ్లు పనిలోనే ఉంటారు. ఒకవేళ తప్పే అనుకున్నా, దానికి శిక్ష నాకెందుకు పాపా? నీ భయం తీరడానికి నన్ను బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎలా? నేను పడ్డాను. మళ్లీ పడతానేమో కూడా. పడేదాకా మటుకు నిలబడనియ్యి.” ఆవిడ నేల మీది ఆకులు చూపించింది. “జనవరి ఎక్కడ?”

జనవరి వీధి గుమ్మం దగ్గర పాతకాగితాల సంచిలో ఉంది. కూతురు వెళ్లి సంచంతా కుమ్మరించి, నలిగిన పన్నెండాకులూ ఏరుకొచ్చింది. ఒళ్లో పెట్టుకుని చేత్తో సాపు చేస్తూ, మొదటిసారి వాటిని చదివింది. ఎడంచేతి రాత, అక్షరాలు తలకిందులయ్యేలా ఉన్నాయి. ప్రతి రోజు మొదటి గడిలోనూ ఒకటే మాట: ఏడింటికి వీధివైపు కర్టెన్ తియ్యాలి.

“కర్టెన్ ఏమిటమ్మా?”

“మా ఇంటికి ఎదురుగా కుట్టుమెషినావిడ ఏడింటికి కొట్టు తీస్తుంది. ఏడుంపావుకి నా కర్టెన్ తెరిచి లేకపోతే పైకొచ్చి చూస్తుంది. రెండో తాళంచెవి ఇస్తానంటే ఒప్పుకుంది. సాయంత్రం ఆరింటికి దీపం వేశానా లేదా అని మళ్లీ చూస్తుంది. అన్నీ రాశాను. రోజంతా డాక్టర్ల రాత చదివేదానివి, అమ్మ రాత చదవలేకపోయావు.”

ఇంతలో అల్లుడు కింద కూర్చుని, చెల్లాచెదురైన ఆకుల్ని ఒక్కొక్కటే తీసి జతలు పెట్టసాగాడు. ఇది వాళ్లిద్దరి గొడవ కాదు, కాగితం గొడవ, కాగితం సంగతి అతనికి తెలుసు. జనవరి మొదటి ఆకు తీసుకుని, డిసెంబరు చివరి ఆకు పక్కన ఆనించాడు. కోత కోతకి సరిపోయింది.

“ఇవి రెండూ ఒకే కాగితం,” అన్నాడు భార్యతో. “మధ్యకి మడిచి కుట్టాను కదా. ముందాకు కోసేస్తే దాని జంట ఆకు వెనక ఎలా నిలుస్తుంది? దారానికి పట్టు ఉండదు.”

కూతురు ఆ కాగితం చూసింది. ఎడం పక్క గీతలు తడబడి, జారి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కుడి పక్క గీతలు కొలిచి పెట్టినట్టు ఉన్నాయి. మధ్యలో తన బ్లేడు కోత. మొహం చేతుల్లో దాచుకుని భోరున ఏడ్చింది. తల్లి ఓదార్చడానికి లేవలేదు. ఏడవనిచ్చింది, అదీ అవసరమే అని.

ఏడుపు కాస్త తెరిపిచ్చాక కూతురు ల్యాబుకి ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానంది. పదకొండేళ్ల ఉద్యోగంలో అది మొదటిసారి. అవతలివాళ్లు ఎవరికేమైందని కంగారు పడ్డారట. అల్లుడు సన్నటి కాగితపు పట్టీలు కోసి, జిగురు రాసి, ఒక్కో ఆకునీ దాని జంటకి అతికించాడు. అన్నీ మడిచి, అట్టలో పేర్చి, సూదీ దారం అందుకోబోయాడు.

“అది ఇటివ్వు బాబూ,” అంది అత్తగారు. సూది కూతురికిచ్చింది. “దారం ఎక్కించు చాలు. బెజ్జం ఇంకా నా వల్ల కాదు. కుట్టేది నేనే.”

ఒక గంట పట్టింది. కుడిచేతి మూడు వేళ్లూ మడతని అదిమి పట్టుకుంటే ఎడం చెయ్యి కుట్టింది. సూది రెండుసార్లు వేలిలో దిగింది. కూతురు రెండుసార్లూ ముందుకు వంగి, రెండుసార్లూ వెనక్కి తగ్గి, చేతులు ఒళ్లో కట్టుకు కూర్చుంది. తల్లి చూడనట్టే చూసింది.

ముడి పడ్డాక కూతురు లేచి ఫ్రిజ్ మీది చీటీ తీసేసింది. ఆ తలుపు మీద ఇన్నాళ్లకి తెల్లగా జాగా కనిపించింది. తరవాత ఆదివారం వస్తామన్నవాళ్లకి ఫోన్ చేసి, వాటా ఖాళీ లేదండీ, మా అమ్మ ఉంటుంది అని చెప్పింది.

వచ్చి పుస్తకం తిప్పుతూ ఒకచోట ఆగింది. ప్రతి రోజుకీ ఒక గడి ఖాళీ. అమ్మ సంగతి తెలిసిందే కాబట్టి అది వింతగా అనిపించలేదు. కానీ గురువారాలు వేరుగా ఉన్నాయి. ప్రతి గురువారం సాయంత్రం ఆరున్నర గడిలో, జనవరిలో కొక్కిరిబిక్కిరిగా, డిసెంబరులో గుండ్రంగా, ఒకటే మాట ఉంది: పాప.

“ఇది నేనా?”

“నువ్వే. నీ జీవితంలో ఒక్క ఖాళీ పీరియడు లేదు. అందుకని నేనే వేశాను.”

“ఆ టైముకి వచ్చి ఏం చెయ్యాలి? బీపీ చూడనా, మాత్రలు సర్దనా?”

“ఏమీ చెయ్యకు. డబ్బాలకి చీటీలు అసలే అంటించకు. వచ్చి కూర్చో.”

కూతురు తల ఊపింది. ఊపుతూనే, ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది, జేబులోంచి పెన్ను తీసి ఆ గడి మూల ఏదో రాయబోయింది. బల్ల మీంచి ఒక చెయ్యి నిదానంగా వచ్చింది. మూడు వేళ్లు వణుకుతూ ఆ గడి మీద వాలి, గట్టిగా అదిమి పట్టుకున్నాయి. అది కుడి చెయ్యి.

కూతురు పెన్నుకి మూత పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.