చావని చుక్కల తేలు

లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల ఒక అమ్మాయి. చేతిలో కళ్ళజోళ్ళ ట్రే. బయట లిఫ్టు మెకానిక్. చేతిలో స్క్రూడ్రైవర్.

"ఇంకెంతసేపు?" అంది అమ్మాయి తలుపు సందులోంచి.

"పావుగంట."

"పావుగంట క్రితం కూడా పావుగంటే అన్నారు."

"అప్పటికి రోగం తెలియలేదు. ఇప్పుడు తెలిసింది."

"మీ రోగం సంగతి తర్వాత. నాకు భయంగా ఉంది. ఏదో ఒకటి మాట్లాడండి."

మెకానిక్‌కు మాటలు రావు. వచ్చేదల్లా తన ఆట ఒక్కటే. అదే చెప్పాడు.

ఖాళీ దొరికినప్పుడల్లా అతనొక ఆట తయారు చేస్తున్నాడు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వేషం తీసుకుని, పాచికలు వేస్తూ నోటితో ఆడే ఆట. అందులో ఆకాశంలోని చుక్కల గుంపులకు ప్రాణం వస్తుంది. ఎలుగుబంటి, హంస, తేలు, ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. నడిస్తే చప్పుడుండదు. అడుగు పడిన చోట గడ్డి మీద మంచు పేరుకుంటుంది. వాటి పొట్టలోంచి చూస్తే వెనకాల ఆకాశం కనిపిస్తుంది.

"ఏం తింటాయి?"

"దీపాల వెలుతురు."

"మరి పగలు ఆకలేస్తే?"

మెకానిక్ చెయ్యి ఆగింది. రెండేళ్ళుగా రాస్తున్నాడు. ఆ సంగతి తనకు తట్టలేదు.

"లిఫ్టు బాగుచేస్తున్నారా, ఆలోచిస్తున్నారా?" అంది లోపలి గొంతు.

మూడో అంతస్తులోని కళ్ళజోళ్ళ షాపు ఆ అమ్మాయి అన్నయ్యది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. ఆదివారం షాపుకు సెలవు. ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నమే షాపు కౌంటరు మీద ఆట మొదలైంది. మెకానిక్ ఆట నడిపిస్తాడు. అన్నయ్య కత్తి వీరుడు. వదిన వైద్యురాలు. అమ్మాయి దీపాలు వెలిగించే మనిషి.

నాలుగు నెలలు బాగానే సాగింది. ఎలుగుబంటి పోయింది. హంస పోయింది. చివరిది తేలు. అక్కడ ఆట మొరాయించింది.

తప్పు మెకానిక్‌దే. నల్ల అట్ట మీద చుక్కల చోట బొత్తాలు కుట్టి, వాటిని సుద్దముక్కతో గీతలు గీసి కలిపేవాడు. ఆ గీతలే జంతువుకు ఎముకలు. కత్తి దెబ్బకు గీత చెరిగితే జంతువు చస్తుంది. అంతవరకు రాసి ఊరుకుంటే పోయేది. అందంగా ఉంటుందని ఇంకో మాట చేర్చాడు. ఆడేవాళ్ళెవరైనా అవే బొత్తాలను వేరే గీతలతో కలిపితే, జంతువు వాళ్ళు గీసినదే అయిపోతుంది, మళ్ళీ తెల్లవారేదాకా.

ఆ మాటే కొంప ముంచింది.

తేలు దిగిన మొదటి ఆదివారం అన్నయ్య కత్తి ఎత్తాడు. అమ్మాయి సుద్దముక్క తీసుకుని నాలుగు గీతలు గీసింది. తేలు మేక అయింది.

"మేకను ఎవరు నరుకుతారు, పాపం," అంది.

రెండో వారం గొడుగు. మూడో వారం టీ కెటిల్. నాలుగో వారం కుంటి ఒంటె. ఆటలో తెల్లవారగానే అది మళ్ళీ తేలవుతుంది. మళ్ళీ వారం మొదటికే వస్తారు.

"కెటిల్ మీద కత్తి దూయమంటావా నన్ను?" అని అన్నయ్య తల బాదుకున్నాడు. "ఏమయ్యా మెకానిక్కూ, ఆ నియమం తీసెయ్యరాదూ?"

"మధ్యలో తీయకూడదన్నా," అన్నాడు మెకానిక్.

లిఫ్టు పనిలో నియమం తప్పితే మనుషులు చస్తారు. ఆ అలవాటు ఆటలోకీ వచ్చింది.

కానీ అందరికన్నా ఎక్కువ ఉడికిపోతున్నది అతనే. తేలు గుండె దగ్గర ఒక ఎర్ర బొత్తం ఉంది. తేలు చచ్చినప్పుడు ఆ ఎర్ర చుక్క నేల మీద పడి, దీపాలు వెలిగించే మనిషితో మూడు మాటలు మాట్లాడాలి. ఆ మాటలు తేలువి కావు. మామూలుగా ఎదురుగా నిలబడి చెప్పడం ఈ జన్మలో తన వల్ల కాదని అతనికి తెలుసు. అందుకే చుక్క నోట పెట్టాడు. ఆ చుక్కను ఈ పిల్ల కింద పడనివ్వడం లేదు.

అయిదో వారం ఉండబట్టలేక అడిగాడు.

"ఈసారైనా చావనిస్తారా?"

"మీకెందుకంత తొందర? నా ఆట నచ్చలేదా?"

"మీది ఆట కాదు. వెక్కిరింత."

అమ్మాయి ముఖం చిన్నబోయింది. తేలును నిచ్చెన చేసి, అద్దాలు అరగదీసే యంత్రం దగ్గరికి వెళ్ళి కూర్చుంది. వదిన ఇద్దరి వంకా చూసింది.

ఆరో ఆదివారం వాన. మెకానిక్ తలంతా తడుపుకుని వచ్చాడు. షాపులో అయిదు నిలువుటద్దాలున్నాయి. అమ్మాయి అతని వంక చూడకుండా అయిదింటిలోనూ అతన్నే చూసింది. తువ్వాలు మాత్రం వదిన చేత ఇప్పించింది.

"ఇవాళ ముగించాలి," అన్నాడు మెకానిక్ తల తుడుచుకుంటూ. "వచ్చే ఆదివారం నేనుండకపోవచ్చు."

"ఎక్కడికి?" అంది వదిన.

"కంపెనీ వేరే ఊరికి పంపుతానంటోంది. రెండేళ్ళు. వెళ్ళేదీ లేనిదీ రేపు చెప్పాలి."

అన్నయ్య పాచికలు కింద పెట్టాడు. అమ్మాయి చేతిలోని సుద్దముక్క విరిగింది.

"చెప్పకుండా వెళ్ళిపోదామనుకున్నారా?"

"చెబుదామనే ఆరు వారాలుగా వస్తున్నాను. మీరు తేలును చావనిస్తేగా."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"చెప్పేది అదే. అది చచ్చాక చెబుతుంది."

"ఏం చెబుతుంది?"

"ఇప్పుడెలా చెప్పను? అది బతికుందిగా."

అన్నయ్య నుదురు పట్టుకున్నాడు. "నేను బయటికి పోయి వానలో నిలబడతాను. నయం."

"కూర్చోండి," అంది వదిన. తర్వాత ఆడబిడ్డ వైపు తిరిగింది. "ఏమ్మా, నువ్వెందుకు దాన్ని చావనివ్వవు? ఇవాళైనా చెప్పు."

"అది చస్తే ఆట అయిపోతుంది వదినా."

"అయిపోతే?"

"ఆదివారం ఈయన ఎందుకొస్తాడు? లిఫ్టు రోజూ చెడదుగా."

మెకానిక్ తువ్వాలును నాలుగు మడతలు పెట్టాడు. విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

"అయితే చంపెయ్యండి," అన్నాడు చివరికి. "అది ఏం చెబుతుందో వినండి."

"చంపను."

"మీతో వేగడం కష్టమండీ."

"మీరేమన్నా తక్కువా? నోరుంది, ఎదురుగా నేనున్నాను. మధ్యలో తేలు కావాలా మీకు?"

ఆమె విరిగిన సుద్దముక్క తీసుకుంది. పాత గీతలన్నీ అరచేత్తో చెరిపింది. పై బొత్తం చుట్టూ సున్నా చుట్టింది. కింది వాటిని రెండు కాళ్ళు చేసింది. పక్కవాటిని చేతులు చేసింది. తోక చివరి బొత్తాలను భుజం నుంచి వేలాడే పనిముట్ల సంచీ చేసింది. ఎర్ర బొత్తం సరిగ్గా ఛాతీలో ఉంది.

"ఇప్పుడిది మనిషి," అంది. "నియమం మీదే. జంతువులకు మాటలు రావేమో గాని మనుషులకు వస్తాయి. దీని గొంతు ఆట నడిపేవాడిది. మాట్లాడించండి."

మెకానిక్ నియమాల పుస్తకం తీశాడు. రెండు పేజీలు తిప్పాడు. తప్పించుకునే దారి ఎక్కడా లేదు. మూసేశాడు.

"దీపాలు వెలిగించే అమ్మాయీ," అన్నాడు, అట్ట వంక చూస్తూ.

"నా వంక చూడమనండి ఆ మనిషిని."

చూశాడు. "చుక్కలు కనపడని పగటిపూట కూడా నువ్వు నాకు గుర్తొస్తావు. నువ్వు ఉండమంటే ఈ ఊళ్ళోనే ఉంటాను. పొమ్మంటే పోతాను, కానీ పోవాలని లేదు."

"అంతేనా?"

"అంతే రాసుకున్నాను."

"బాగానే రాశావు," అంది అమ్మాయి. మీరు కాస్తా నువ్వు అయిందని ఆమెకే తెలియలేదు. "ఉండు."

అన్నయ్య వదిన వంక చూశాడు. "ఆరు వారాలు. కత్తి పట్టుకుని ఆరు వారాలు నిలబెట్టారు నన్ను. ఆ మూడు ముక్కలు మొదటివారమే చెబితే ఈపాటికి లగ్నం పెట్టించేవాణ్ణి కదయ్యా."

"అంటే మీకు ఇష్టమేనా అన్నా?"

"ఇష్టం కాకపోతే మేకనూ కెటిల్‌నూ ఎవడు భరిస్తాడు? నాన్నతో రాత్రికి నేను మాట్లాడతాను. వచ్చే నెల మంచి రోజు చూస్తాం. నువ్వు మాత్రం రేపు ఆ కంపెనీవాళ్ళకు రానని చెప్పు. ఇంకెవరి గొంతుతోనో కాదు, నీ గొంతుతోనే."

సోమవారం పొద్దున్నే మెకానిక్ ఆఫీసరుకు ఫోను చేశాడు. వేరే ఊరికి వెళ్ళలేనన్నాడు.

"కారణం?"

"పెళ్ళి సార్."

అవతల ఆఫీసరు గట్టిగా నిట్టూర్చాడు. "అన్ని కాగితాలూ తయారుచేశాక ఇప్పుడా చెప్పేది? శనివారం చెప్పలేకపోయావా?"

"నాకూ నిన్ననే తెలిసింది సార్."