నాపరాయి మీద లెక్క

1981లో ఒక ఆదివారం పొద్దున. ఆళ్లగడ్డ ఇంట్లో రమామణి లేచేసరికి అత్తగారు నరసింహమ్మ పొయ్యి దగ్గర ఉంది. తను కాఫీ కలుపుతానంది రమామణి.

"చక్కెర యాడుంటాదో నీకు తెలీదులే. కూసో," అంది అత్తగారు ప్రేమగానే.

భర్త పోయాక రమామణి ఉద్యోగమే ఇంటికి ఆధారం. వారమంతా నంద్యాలలో అద్దెగది, కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు. శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికి రావడం, ఆదివారం తిరిగి వెళ్లడం.

పంచలో కూతురు చెంచులక్ష్మి నాపరాతి బండ మీద సుద్దముక్కతో గ్రాఫు గీసింది. ఇంటర్ మొదటి సంవత్సరం లెక్క. నిలువున బలం, అడ్డంగా స్థానం. వస్తువు మీద మొదటి నాలుగు మీటర్లూ పది న్యూటన్ల బలం ముందుకు, తర్వాతి నాలుగు మీటర్లూ ఐదు న్యూటన్లు వెనక్కి. గతిజశక్తి ఎంత మారింది? అరవై జౌళ్లని రాసి ఉంది.

రమామణి నిలబడే వంగి, ఆ అరవైని అరచేత్తో తుడిచేసింది.

"అడ్డగీతకు కింద ఉండే వైశాల్యం తీసెయ్యాల, కలపకూడదు. నలభైలో ఇరవై పోతే ఇరవై. ఇంత చిన్న లెక్క తప్పు చేస్తే ఎట్లా?"

చెంచులక్ష్మి సుద్దముక్క విసిరికొట్టింది.

"నేనేమన్నా నీ కాలేజీ పిల్లనా? జ్వరమొచ్చి పడుకుంటే రాలేదు, తప్పు దిద్దేకి మాత్రం వచ్చినావు!"

"జ్వరమా? ఎప్పుడు?"

"సోమవారం పట్టుకుంటే మొన్న తగ్గింది. ఇంత చిక్కినావేమని కూడా అడగలేదు నువ్వు."

రమామణి అత్తగారి వైపు చూసింది. "నాకు కబురెందుకు పెట్టలేదత్తా?"

"నేనే వద్దంటి. సెలవులన్నీ వాళ్ల నాయన జబ్బుకే అయిపాయ. నువ్వు పరిగెత్తుకొస్తే ఉద్యోగానికి ఏమైతాదోనని భయపడితి."

రమామణికి తన అద్దెగది గుర్తొచ్చింది. నంద్యాలలో సాయంత్రం తాళం తీసి లోపలికి వెళితే పలకరించే మనిషి లేడు. ఆళ్లగడ్డలో నావాళ్లున్నారులే అనుకుంటూ వారం ఈడ్చుకొచ్చేది. వాళ్లు తను లేకుండా గడుపుకోవడం నేర్చుకున్నారని ఇప్పుడే తెలిసింది.

బండ మీద కూలబడి కూతురి నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది.

"పాఠం చెప్పేకి తప్ప ఆడ నేను నోరు తెరిచే పనే లేదు చెంచూ. అందుకేనేమో, ఈడికొచ్చినా పాఠమే చెప్తాండా," అంది.

చెంచులక్ష్మి తాను విసిరేసిన సుద్దముక్కను ఏరుకొచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"నాకొచ్చమ్మా ఆ లెక్క," అంది.

"మరి?"

"తప్పు రాస్తే పక్కన కూసోని చెప్తావనుకున్నా. నువ్వు నిలబడే తుడిచేస్తివి."

రమామణి పిల్లను దగ్గరికి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. నరసింహమ్మ గడపలో నిలబడి కళ్లొత్తుకుంది.

"రమా, బస్సుకు పోవల్లంటే నీళ్లు పోసుకో."

"రేపు పొద్దున పోతా అత్తా."

చెంచులక్ష్మి అమ్మ ఒడిలో తల పెట్టుకుంది.

"సోమవారం నుంచి చెప్పు," అంది రమామణి. "జ్వరం ఎట్లొచ్చింది, ఎవరు మందిచ్చిరి, ఏం తింటివి... అంతా చెప్పు."

పిల్ల చెప్పడం మొదలుపెట్టింది.